సర్టిఫికెట్ ఉందిగా, లోపలికి దయచేయండి!

కంచికచర్ల దాటి నందిగామ వైపు వెళ్తుంటే కీసర టోల్ ప్లాజా తగులుతుంది. ఎవరెవరు రుసుము కట్టనక్కర్లేదో చెప్పే జాబితా అక్కడ బోర్డు కట్టి ఉంటుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, కేంద్ర మంత్రులు, ముఖ్యమంత్రులు, న్యాయమూర్తులు, ఎంపీలు, సొంత రాష్ట్రంలో తిరిగే ఎమ్మెల్యేలు... పూర్తిగా చదివేలోపు వెనక లారీవాడు హారన్ కొడతాడు. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల నుంచి దిగిన జాబితా అది. ఒక్క హోదా జారిపోలేదు. ఒక్క కుర్చీ మరిచిపోలేదు. జేబులోంచి రూపాయి తియ్యకుండా తప్పించుకోవాలంటే మన ఏలినవారు జాబితా ఎంత శ్రద్ధగా రాయగలరో చూశారుగా?

ఇప్పుడు ఇంకో జాబితా చూపించమనండి.

మీ పొలం వన్‌బీ, మీ ఆధార్, మీ బ్యాంకు ఖాతా, మీ అమ్మగారి పింఛను, మీ అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంటు... ఇవన్నీ దాచిన కంప్యూటర్లలోకి ఎవరెవరు వెళ్లొచ్చు? వెళ్లినవాళ్లు ఏమేం ముట్టుకోవచ్చు? ఆ బోర్డు ఎక్కడుంది?

అడిగి చూడండి. జాబితా రాదు. ఉపన్యాసం వస్తుంది. "పూర్తి భద్రత ఉందండీ. అంతా ఎన్‌క్రిప్టెడ్. 256 బిట్. సర్టిఫికెట్ లేకుండా చీమ కూడా దూరలేదు."

సరేనండీ. చీమ దూరలేదు. సర్టిఫికెట్ ఉన్న ఏనుగు సంగతేంటి?

ఈ వ్యాసమంతా ఆ ఏనుగు గురించే.

రెండు ప్రశ్నల్లో ఒకటి మాయం

ఏ కంప్యూటరైనా బయటివాణ్ని లోపలికి రానిచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వెవరు? ఇక్కడ నీకేం పని? మొదటిది గుర్తింపు. రెండోది అనుమతి. ఈ తేడా తెలియడానికి బీటెక్ అక్కర్లేదు. పెళ్లింట్లో వంటవాడు ఎవరో అందరికీ తెలుసు. అంతమాత్రాన బీరువా తాళాలు వాడి చేతిలో పెడతారా?

మన వ్యవస్థలు పెడతాయి. మొదటి ప్రశ్నకు కోట్లు ఖర్చు చేస్తాయి. ఆధార్ కావాలి, వేలిముద్ర కావాలి, కనుపాప కావాలి, ఓటీపీ కావాలి, ముఖం చూపించాలి, తల అటు తిప్పాలి, ఇటు తిప్పాలి, రెప్ప ఆర్పాలి. ఎనభై ఏళ్ల ముసలావిడ వేలిముద్ర పడక రేషన్ డిపో ముందు కూలబడుతుంది. ఆవిడ ఆవిడేనని రుజువు చేసుకోవాలి. మంచిదే. మరి ఆవిడ వివరాలు తెరిచి చూసే ఆపరేటరుకు ఆ అధికారం ఎవరిచ్చారు? ఎప్పటిదాకా ఇచ్చారు? ఉద్యోగం మానేశాక తీసేశారా? ఆ రెండో ప్రశ్నకు ఖర్చు లేదు. అందుకేనేమో, అడిగే నాథుడూ లేడు. ఖర్చు లేనిదాంట్లో ఎవరికి మాత్రం ఆసక్తి?

డ్రాయర్లో ఉన్న తహసీల్దారు

ఏ మండలమని అడక్కండి. ఏదో ఒక మండలం అనుకోండి. సర్టిఫికెట్ ఎలా పనిచేస్తుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

"తహసీల్దారు గారు ఉన్నారా బాబూ?"

"కలెక్టరేట్లో మీటింగు బాబాయ్. సాయంత్రం దాకా రారు."

"మరి నా మ్యుటేషనో?"

"సారు లేకపోతేనేం, సారు కీ ఉందిగా! కూర్చో."

డ్రాయరు తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ కీ బయటికొస్తుంది. సీపీయూకి తగులుకుంటుంది. పిన్ నంబరు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆఫీసు మొత్తానికి నోటికొచ్చు. రెండు క్లిక్కులు. విజయవాడలో మీటింగులో కూర్చున్న తహసీల్దారు గారు అదే నిమిషంలో ఇక్కడ సంతకం పెట్టేశారు! దేవుడు సర్వాంతర్యామి అంటే నమ్మనివాళ్లు రెవెన్యూ శాఖను చూసి నమ్మండి.

ఆ కీలో ఉన్నది ఎక్స్.509 అనే జాతి సర్టిఫికెట్. 1988లో పుట్టిన ప్రమాణం. 2000 నాటి ఐటీ చట్టం అలాంటి సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. అదే చట్టంలో 42వ సెక్షన్ ఉంది. సర్టిఫికెట్ తీసుకున్నవాడు తన రహస్య కీని తన ఆధీనంలోనే ఉంచుకోవడానికి తగినంత జాగ్రత్త తీసుకోవాలని అది చెబుతుంది. డ్రాయరు తన ఆధీనమే కదా? ఆపరేటరు తన మనిషే కదా? అదీ జాగ్రత్తే మరి!

ఇక్కడ సర్టిఫికెట్ దొంగది కాదు. అసలైనదే. సంతకం లెక్క సరిపోతుంది. గడువు తీరలేదు. జారీ చేసిన సంస్థకు లైసెన్సు ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు నూటికి నూరు మార్కులు. రెండో ప్రశ్న ఎవరైనా అడిగారా? ఈ యంత్రం నుంచి, ఈ సమయంలో, ఈ సర్వే నంబరు మీద, ఈ మనిషి పని చెయ్యొచ్చా? అడిగితే పని ఆగిపోతుంది సార్. పని ఆగితే మండలం ర్యాంకు పడిపోతుంది. ర్యాంకు పడితే టెలికాన్ఫరెన్సులో తిట్లు. భూమి ఎవరి పేరు మీదికి పోయినా పర్లేదు, డ్యాష్‌బోర్డు మాత్రం ఆకుపచ్చగా ఉండాలి.

పెద్ద డ్రాయరు

ఇది మండలం. ఇక డేటా సెంటరు దాకా వెళ్దాం. అక్కడ ఏసీ ఉంటుంది. అద్దాల తలుపులు ఉంటాయి. బుద్ధి మాత్రం ఇదే.

డేటా సెంటర్లో ఇప్పుడు శాఖకో కంప్యూటరు ఉండదు. ఒక బలమైన యంత్రం మీద సాఫ్ట్‌వేర్ సాయంతో పదులకొద్దీ వర్చువల్ మెషిన్లు నడుస్తాయి. లేని కంప్యూటర్లను ఉన్నట్టు ఆడించే ఆ విద్యే వర్చువలైజేషన్. క్లౌడ్ అని మంత్రులు ఆకాశం వైపు చెయ్యి చూపించేదీ దీన్నే. కేంద్రం తన క్లౌడ్‌కు మేఘరాజ్ అని పేరే పెట్టుకుంది. మేఘం పేరు బాగుంది. కింద తడిసేది మనం.

ఈ విద్యలో ప్రపంచమంతా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. క్యూఈఎంయూ. 2003లో ఫాబ్రిస్ బెలార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు మొదలుపెట్టాడు. 2007లో లినక్స్ కెర్నెల్‌లోకి కేవీఎం చేరాక ఆ రెండూ జంటగా క్లౌడ్ ప్రపంచానికి పునాదులయ్యాయి. ఈ జంటను నడిపించే మేస్త్రీ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు లిబ్‌వర్ట్.

ఒక్కో వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ మీద కొన్ని ద్వారాలుంటాయి. వీఎన్‌సీ అనేది ఒకటి. దాని తెర, కీబోర్డు దూరం నుంచి మీ చేతిలోకి వస్తాయి. ఎన్‌బీడీ ఇంకొకటి. దాని డిస్కే నెట్‌వర్క్ మీదుగా అందుతుంది, చదవొచ్చు, రాయొచ్చు. మూడోది లైవ్ మైగ్రేషన్. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా, మెమరీతో సహా, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు తరలించడం. అటువైపు కాచుకున్న సర్వర్ తనకు వచ్చిందాన్ని మింగి, అదే యంత్రమని నడిపించేస్తుంది. ఎవడో పంపిన నకిలీ యంత్రాన్ని మింగితే? దాన్నే నడిపిస్తుంది.

ఈ ద్వారాల మీద టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పెట్టారు. వీఎన్‌సీకి ముందునుంచే ఉంది. డిస్కుకు, మైగ్రేషన్‌కు 2016లో వచ్చింది. వచ్చినవాడి దగ్గర సర్టిఫికెట్ ఉందా, దాని మీద మన సర్టిఫికెట్ సంస్థ సంతకం ఉందా అని సర్వర్ చూస్తుంది. ఉంటే రమ్మంటుంది.

అంతేనా? అంతే. మన సంస్థ సంతకం ఉంటే చాలు. బ్యాకప్ సర్వర్‌కు ఇచ్చిన సర్టిఫికెట్టా? రండి. పరీక్షల కోసమని పెట్టి, అందరూ మరిచిపోయిన పాత యంత్రానిదా? రండి. ఆర్నెల్ల క్రితం మానేసిన కాంట్రాక్టు కుర్రాడి ల్యాప్‌టాప్‌లోదా? గడువు తీరలేదు, రద్దు చేసినవాడు లేడు, మీరూ రండి. భోజనాలు అయ్యాయా?

ఈ లోపాన్ని కనిపెట్టినవాళ్లు దాచిపెట్టలేదు. ప్రెస్ మీట్ పెట్టి "కొన్ని దుష్టశక్తుల కుట్ర" అనలేదు. ఎవరి మీదా కేసు పెట్టలేదు. దిద్దారు. రెడ్‌హ్యాట్ ఇంజినీరు డేనియల్ బెరాంజే ముందుండి నడిపిన పని అది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన క్యూఈఎంయూ 4.0లో రెండో ప్రశ్న చేరింది. అప్పటిదాకా వీఎన్‌సీకి మాత్రమే పాతకాలపు జాబితా ఒకటి ఉండేది. 4.0 నుంచి డిస్కుకూ, మైగ్రేషన్‌కూ కూడా జాబితా పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ సరైనదైనా సరే, దాని మీది పేరు జాబితాలో ఉందా? ఉంటే లోపలికి. లేకపోతే నమస్కారం, వెళ్లి రండి.

ఆ ఏర్పాటు ఎంత తేలికో చూడండి. ఒక్కడినే రానివ్వాలా? దానికో పద్ధతి. పది మందికి వేర్వేరు నియమాలా? దానికో పద్ధతి. జాబితాను విడిగా ఒక ఫైల్లో పెట్టుకుంటారా? పెట్టుకోండి. ఫైలు మారితే సాఫ్ట్‌వేరే గమనించి కొత్త జాబితా అమల్లోకి తెచ్చుకోగలదు. యంత్రం ఆపక్కర్లేదు. మానేసిన కుర్రాడి పేరు కొట్టెయ్యడానికి ఫైలు కదలక్కర్లేదు, కమిటీ కూర్చోక్కర్లేదు, జీవో రాక్కర్లేదు. ఒక వరుస తీసేస్తే చాలు. మీరు వేరేగా చెప్పకపోతే, ఏ నియమానికీ సరిపడని పేరు వస్తే జాబితా చెప్పే మాట ఒక్కటే: వద్దు.

ఇంత చేసి ఎంత తీసుకున్నారు? సున్నా. ఉచితం. టెండరు లేదు, కమీషను లేదు, ప్రారంభోత్సవం లేదు, శిలాఫలకం లేదు. బహుశా అందుకే కాబోలు, మనవాళ్ల కంటికి ఆనలేదు!

హ్యాష్ గుర్తు మహిమ

లిబ్‌వర్ట్‌లో అయితే ఈ జాబితా అంతకుముందు నుంచే ఉంది. దాని సెట్టింగుల ఫైలు తెరవండి. ఎవరి సర్టిఫికెట్లను రానివ్వాలో రాసుకునే వరుస కనిపిస్తుంది. దాని ముందు ఒక చిన్న హ్యాష్ గుర్తు. హ్యాష్ ఉంటే ఆ వరుస లేనట్టే లెక్క. పక్కనే వివరణ కూడా ఉంటుంది: మీరు మార్చకపోతే పేర్లేవీ తనిఖీ చెయ్యం అని. సాఫ్ట్‌వేర్ తన లోపం తనే చెప్పుకుంటోంది. ఇంతకంటే నిజాయతీ మీ ఊళ్లో ఏ ఆఫీసులో చూశారు?

హ్యాష్ తీసెయ్యాలి. పేర్లు రాయాలి. ఐదు నిమిషాల పని. ఎంతమంది తీస్తారు?

పైగా అదే ఫైల్లో ఇంకో మీట ఉంది. వచ్చినవాడి సర్టిఫికెట్‌ను అసలు తనిఖీయే చెయ్యొద్దని చెప్పే మీట. అత్యవసరానికి పెట్టింది. అర్ధరాత్రి కనెక్షన్ రాక తలపట్టుకున్నవాడు "ప్రస్తుతానికి" అని దాన్ని నొక్కుతాడు. మన దేశంలో "ప్రస్తుతానికి" వేసిన మట్టి రోడ్డు ఎన్నేళ్లుంటుందో మీకు వేరే చెప్పాలా?

లోపలికి వెళ్లినవాడికి దక్కేదేమిటో కూడా వినండి. లిబ్‌వర్ట్ దగ్గర చదివే, రాసే అనుమతి రెండూ దొరికాయంటే ఆ సర్వర్ మీద రూట్ అధికారం, అంటే సర్వాధికారం, దొరికినట్టేనని దాన్ని తయారుచేసినవాళ్లే పత్రాల్లో రాశారు. అంటే ఒక యంత్రం కాదు. ఆ సర్వర్ మీద నడుస్తున్న యంత్రాలన్నీ. ఒక్క సర్టిఫికెట్. ఒక్క హ్యాష్. మొత్తం వాడి చేతిలో.

"ఇంటర్నల్ నెట్‌వర్కే కద్సార్!"

మన కంచికచర్ల పక్క కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. ఇక్కడే ఇంజినీరింగ్ చదివాడు, మాదాపూర్ వెళ్లాడు, ఏజెన్సీకి ఏజెన్సీ, ఆ ఏజెన్సీకి సబ్ ఏజెన్సీ కింద సర్వర్లు చూస్తున్నాడు. వాడికి ఇదంతా తెలుసు. బాసుకు మెయిల్ కూడా పెట్టాడు. జవాబులు వరుసగా వచ్చాయి.

"ముందు గో లైవ్ కానీ, తర్వాత చూద్దాం." గో లైవ్ అయింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. తర్వాత ఎవరూ చూళ్లేదు.

"టెండర్లో అడగలేదుగా?" అడిగారు. కంప్లయన్స్ షీటులో ఉంది. "కంప్లైడ్" అని టైపు చేసి పంపారు. చదివినవాళ్లూ లేరు, పరీక్షించినవాళ్లూ లేరు.

"సెక్యూరిటీ ఆడిట్ అయిపోయింది." అయింది. వెబ్‌సైటు మొదటి పేజీకి. వెనక యంత్రాలు ఆడిట్ పరిధిలోకి రావని ఒప్పందంలోనే రాసుకున్నారు.

ఆఖరి అస్త్రం: "అది ఇంటర్నల్ నెట్‌వర్కే కద్సార్, బయటివాడు ఎలా వస్తాడు?"

ఎలా వస్తాడా? 2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్లలోకి రాన్సమ్‌వేర్ ఎలా వచ్చింది? వెబ్‌సైట్లు మూతపడ్డాయి. ఆన్‌లైన్లో కరెంటు బిల్లు కడదామనుకున్నవాళ్లు తెర చూస్తూ కూర్చున్నారు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ సమాచారం ఇంటర్నెట్లో అమ్మకానికి ఎలా చేరింది? చివరికి పోలీసులు పట్టుకున్నది ఏ శత్రుదేశపు గూఢచారినో కాదు, ఒక విద్యార్థిని! ప్రజల భద్రత కోసం పోలీసులు పెట్టిన యాప్‌కే ఆ గతి పడితే, పక్కింటి పశువైద్యశాల సర్వర్ సంగతి ఆలోచించండి.

ఇంతకీ బయటివాడు రావాల్సిన అవసరం ఉందా? లోపలివాళ్లు తక్కువా?

మన ఘనచరిత్ర

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లను బహిరంగంగా పరిచేశాయని. ఆ నాలుగింటిలో రెండు ఎవరివి? మన ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి చంద్రన్న బీమా. ఇంకోటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది. పనిచేసిన కూలీకి కూలి ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, వాడి ఆధార్ మాత్రం ఊరందరికీ తెలిసింది.

బుద్ధి వచ్చిందా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటు వంతు. 1.34 లక్షల లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం అన్నీ ఆరుబయట. బయటపెట్టింది హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఇల్లు వచ్చిందో లేదో గానీ, ఇంటివాళ్ల గుట్టు మాత్రం బయటికొచ్చింది.

అదే ఏడాది జూన్లో పెద్దపల్లి ప్రాంతంలో ఇంకో కథ. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో పెట్టిన దస్తావేజుల మీద వేలిముద్రలు స్పష్టంగా కనిపించేవి. ఒకడు వాటిని దించుకున్నాడు. రబ్బరు ముద్రలు చేశాడు. ఆ ముద్రలతో ఆధార్ తనిఖీ దాటించి వేలకొద్దీ సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. యంత్రం అడిగింది: నువ్వెవరు? రబ్బరు చెప్పింది: ఫలానా ఆసామిని. యంత్రం సంతృప్తి చెందింది. ఒకే దుకాణంలో, ఒకే చెయ్యి, వేలమంది వేళ్లతో సిమ్‌లు తీసుకుంటుంటే "నీకేం పని?" అన్న ప్రశ్న ఎవరికీ పుట్టలేదు. మీ వేలు మీ పాస్‌వర్డ్ అన్నది ప్రభుత్వమే. ఆ పాస్‌వర్డ్‌ను వెబ్‌సైట్లో వేలాడదీసిందీ ప్రభుత్వమే.

ఢిల్లీ వాళ్లు మనకంటే తెలివైనవాళ్లేం కాదు లెండి. 2014 జులైలో గూగుల్ కళ్లు తెరిచి చూస్తే తన డొమైన్ల పేరిట నకిలీ సర్టిఫికెట్లు తిరుగుతున్నాయి. జారీ అయినవి ఎక్కడి నుంచి? సాక్షాత్తూ మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ వ్యవస్థ నుంచి. జారీ ప్రక్రియే చొరబాటుకు గురైందన్నారు. రద్దు చేశారు. సర్టిఫికెట్ ఉంటే చాలు, ఇంకేం అడగక్కర్లేదు అనే పెద్దమనుషులు ఈ ఒక్క ఉదంతాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి.

2018 జనవరిలో ది ట్రిబ్యూన్ పత్రిక విలేకరి 500 రూపాయలు పెట్టి ఆధార్ వివరాలు చూసే లాగిన్ కొనుక్కుంది. అమ్మినవాడు హ్యాకర్ కాదు. ఎక్కడా దేన్నీ బద్దలు కొట్టలేదు. ఎవరికో ఇచ్చిన అనుమతి చేతులు మారింది, అంతే. అప్పుడు సర్కారు వారు ఏం చేశారు? విలేకరి పేరు కూడా చేర్చి కేసు పెట్టించారు! ఇల్లు కాలుతోందని అరిచినవాడికి జరిమానా, నిప్పు పెట్టినవాడికి నోటీసు. ఆ కేసు వార్త చదివాక ఏ ఉద్యోగి నోరు తెరుస్తాడు?

హాయ్ అంటే చాలు

2025 జనవరి 30న మన రాష్ట్రంలో వాట్సాప్ పాలన వచ్చింది. మన మిత్ర. 161 సేవలతో మొదలు. హాయ్ అని పంపితే చాలు. నిజంగా సౌకర్యమే. కంచికచర్ల రైతు నందిగామకు రెండుసార్లు తిరిగే బస్సు చార్జీ మిగిలితే ఎవరికి చేదు?

కానీ ఒక్కమాట. ఇటువైపు హాయ్ అన్నది నేను. అటువైపు ఎవరు? ఏ శాఖ యంత్రం ఏ శాఖ డేటాను అడుగుతోంది? అడిగే హక్కు దానికి ఉందా? శాఖలన్నిటి సమాచారం ఒకచోట కలిపేస్తున్నామని గర్వంగా చెప్పుకుంటున్నారు. కలపండి. అవ్వాతాతల పింఛను చూసే యంత్రానికి ఆస్పత్రి రికార్డు ఎందుకు కనిపించాలో కూడా చెప్పండి. కనిపించదంటారా? ఆపుతున్న జాబితా చూపించండి.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వినడానికి ఒళ్లు పులకరిస్తుంది. అదే చట్టంలో 17వ సెక్షన్ కూడా చదవండి. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ విభాగాలకు మినహాయింపు ఇవ్వొచ్చు. చూశారా మళ్లీ మినహాయింపుల జాబితా ఎంత చక్కగా కుదిరిందో! పాలకులకు జాబితా రాయడం రాదని ఎవరన్నారు? ఎవరి కోసం రాయాలన్నదే పేచీ.

2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. దాచండి. ఆ లాగ్‌లో ఏముంటుంది? ఫలానా రోజు పదకొండున్నరకు తహసీల్దారు గారు సంతకం చేశారని ఉంటుంది. ఆ రోజు పదకొండున్నరకు ఆయన కలెక్టరేట్లో టీ తాగుతున్నారు. కీ డ్రాయర్లో ఉన్నంతకాలం లాగ్ ఒక కథల పుస్తకం. రేపు కేసయితే ఇరుక్కునేది ఎవరు? రూల్స్ పెట్టిన కార్యదర్శి కాదు, పరికరాలు అమ్మిన కంపెనీ కాదు. పన్నెండు వేల జీతానికి, సారు చెప్పాడని కీ గుచ్చిన ఆపరేటరు.

పది రూపాయలు ఖర్చు పెట్టండి

విసిగిపోయారని తెలుసు. నవ్వి వదిలేద్దామనిపిస్తుంది. వదలకండి. సమాచార హక్కు చట్టం ఇంకా బతికే ఉంది. 2005 నాటిది. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి ఐదు రూపాయలు, ఆపై కార్యాలయాలకు పది రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు.

దరఖాస్తులో పేర్లు అడక్కండి. అడిగారో, ఆ చట్టంలోని 8(1)(జె) చూపించి "వ్యక్తిగత సమాచారం" అంటారు. ఆ నిబంధనను 2023 డేటా చట్టంతోనే మార్చి, ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాటను అందులోంచి తీసేశారు. మన సమాచారాన్ని కాపాడుతామని చేసిన చట్టం ముందుగా వాళ్ల సమాచారాన్ని కాపాడింది! పాస్‌వర్డులూ సెట్టింగులూ కూడా అడక్కండి. "భద్రతా కారణాలు" అంటారు.

సంఖ్యలు, తేదీలు అడగండి. నాలుగే ప్రశ్నలు. మా మండలం భూమి రికార్డులు మార్చే అనుమతి ప్రస్తుతం ఎంతమందికి ఉంది? వారిలో రెగ్యులర్ ఉద్యోగులు ఎంతమంది, అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఎంతమంది? ఆ జాబితాను చివరిసారి ఏ తేదీన సరిచూశారు? గత ఏడాది బదిలీ అయిన, మానేసిన వారిలో ఎంతమంది అనుమతులు రద్దు చేశారు, ఏయే తేదీల్లో?

ఇందులో రహస్యమేమీ లేదు. జాబితా ఉన్నవాడు పది నిమిషాల్లో జవాబు చెప్పగలడు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, "సమాచారం అందుబాటులో లేదు" అని వచ్చినా సంగతి తేలిపోయినట్టే. 19వ సెక్షన్ కింద మొదటి అప్పీలు వేయండి. ఒక్కరు అడిగితే ఫైలు మూసేస్తారు. కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా ప్రతి మండలం నుంచీ పదేసి దరఖాస్తులు పడితే, ఆ జవాబు రాయడానికైనా ఎవరో ఒకరు కూర్చుని జాబితా తయారుచెయ్యక తప్పదు.